పాత స్టీలు రేసు సైకిలు: అమ్మాలా, ఉంచుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో పదిహేనేళ్లుగా పాత సైకిళ్లు విప్పి బిగిస్తున్నాను. ఇది నా వృత్తి కాదు, ఇష్టం. గుంటూరు నుంచో బెజవాడ నుంచో నెలకు ఒకరిద్దరు ఇదే మాట పట్టుకుని వస్తారు: "నాన్నగారి సైకిలు ఉందండీ, అమ్మేయమంటారా?" వంపు హ్యాండిల్, సన్నటి టైర్లు, గేర్లు ఉన్న స్టీలు సైకిళ్లు మన వైపు మొదటి నుంచీ తక్కువే. మిగిలిన ఆ కొన్నీ ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరి గుర్తుగా గోడకు ఆనించి ఉన్నాయి. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పే బదులు నాకు తెలిసినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.

అమ్మాలా వద్దా, ఒక్క మాటలో చెప్పండి.

మీ ఒంటికి సరిపోతే ఉంచుకోండి. సరిపోకపోతే సరిపోయే మనిషిని వెతికి ఇవ్వండి. ధర, జ్ఞాపకాలు, ఇంట్లో జాగా, ఇవన్నీ తరువాత. ముందు కొలత తేలాలి.

ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. మా చిన్న మామయ్య గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, పైచదువుకు ఇంగ్లండు వెళ్లి, 1979లో తిరిగి వస్తూ ఒక రాలీ సైకిలు వెంట తెచ్చుకున్నారు. నాటింగ్‌హామ్‌లో తయారైనది, ముదురు ఆకుపచ్చ రంగు. ఆయన ఆరడుగులు దాటిన మనిషి, ఫ్రేము 60 సెంటీమీటర్లు. నేను అయిదడుగుల అయిదంగుళాలు. ఆయన పోయాక అత్తయ్య దాన్ని నాకు ఇచ్చారు. ఎనిమిదేళ్లు ఉంచుకున్నాను. సీటును పూర్తిగా దించాను, హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్‌ను పొట్టిది వేశాను, అయినా సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ సైకిలును ఒక పక్కకు వాల్చి దిగాల్సి వచ్చేది. చివరికి మూడు నెలలకు ఒకసారి తుడవడం తప్ప దాన్ని ముట్టుకోవడం మానేశాను.

సరిపోతుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతో, సీటుకు ముందు, పై గొట్టానికి చెరో పక్క కాలు వేసి నిలబడండి. పాదాలు పూర్తిగా నేలకు ఆనినప్పుడు గొట్టం మీకు తగలకుండా రెండు మూడు వేళ్ల జాగా మిగలాలి. గొట్టం తగులుతూ ఉంటే ఫ్రేము మీకు పెద్దది. దానికి మందు లేదు. సీటు ఎత్తు మార్చవచ్చు, హ్యాండిల్ మార్చవచ్చు, గొట్టాన్ని మాత్రం ఎవరూ దించలేరు.

తొక్కితే నడుము నొప్పి. అమ్మేయడమేనా?

ఆగండి. పాత స్టీలు సైకిళ్లలో హ్యాండిల్ ఎత్తు మార్చడం చాలా తేలిక, చాలామందికి ఆ సంగతి తెలియదు. స్టెమ్ నెత్తిన ఉన్న బోల్టును నాలుగైదు చుట్లు వదులు చేసి, దాని మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో చిన్నగా ఒక దెబ్బ వేయండి. లోపల బిగించి పట్టే ఆప్పు (చీల) జారుతుంది, స్టెమ్ కదులుతుంది. కావలసినంత పైకి లాగి బిగించండి. స్టెమ్ మీద సన్నటి గీత చెక్కి ఉంటుంది, ఆ గీత బయటికి కనబడేంత పైకి మాత్రం లాగవద్దు. లోపల పట్టు చాలక విరిగే ప్రమాదం ఉంది. రెండు అంగుళాలు లేపగానే నొప్పి పోయి, అమ్మే ఆలోచన విరమించుకున్నవాళ్లను నేను ముగ్గురిని చూశాను.

మోకాళ్ల నొప్పి అయితే గేర్లు చూడండి. ముందు 52, 42 పళ్ల చక్రాలు, వెనక చిన్న ఫ్రీవీలు ఉంటే యాభై దాటిన మోకాళ్లకు కష్టమే. వెనక పెద్ద పళ్ల ఫ్రీవీలు వేయించుకోవడానికి అయ్యే ఖర్చు కొత్త సైకిలు ఖర్చుతో పోలిస్తే ఏపాటి?

నాన్నగారు పోయి నెల కూడా కాలేదు. ఇల్లు సర్దుతూ సైకిలు తీసేద్దామంటున్నారు.

వద్దండి. దయచేసి వద్దు.

మా నాన్నగారిది సెన్-రాలీ, బెంగాల్‌లోని ఆసన్‌సోల్ దగ్గర ఫ్యాక్టరీలో తయారైన రాడ్ బ్రేకుల సైకిలు. పెద్దకర్మ అయిన నాలుగో రోజున, చుట్టాలింకా ఇంట్లో ఉండగానే, పాత ఇనుము కొనే అతను వస్తే ఎవరో దాన్ని కూడా బయటికి తెచ్చారు. నేను గుమ్మంలోనే ఉన్నాను, వద్దని అనలేకపోయాను. అతను కొక్కెం కాటాకు ముందు చక్రాన్ని తగిలించి తూచాడు. హ్యాండిల్‌కు మునిసిపాలిటీ వారి సైకిలు లైసెన్సు బిళ్ళ ఇంకా తీగతో కట్టి ఉంది. అది కూడా ఆ బరువులోనే పోయింది. ఆ బిళ్ళనైనా ఎందుకు విప్పుకోలేదని ఇప్పటికీ బాధపడతాను.

సంవత్సరీకాలు అయ్యే దాకా ఆగండి. టైర్లలో గాలి తీసేయకుండా కొంచెం ఉంచి, చైనుకు నూనె పట్టించి, పాత దుప్పటి కప్పి ఒక మూల పెట్టండి. ఏడాదిలో స్టీలుకు ఏమీ కాదు. ఏడాది తరువాత మీరు తీసుకునే నిర్ణయం ఏదైనా, అది మీ నిర్ణయం అవుతుంది.

నాది మంచి రకమో మామూలు రకమో ఎలా తెలుస్తుంది?

మొదట సీటు కింది గొట్టం మీద స్టిక్కరు చూడండి. బర్మింగ్‌హామ్‌కు చెందిన రెనాల్డ్స్ సంస్థ 531 అనే గొట్టాన్ని 1935లో తెచ్చింది. ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు మంచి రేసు సైకిలు అంటే అదే. ఇటలీ కొలంబస్, జపాన్ టాంగే కూడా అదే వరసలోవి. వీటి ప్రత్యేకత ఏమిటంటే గొట్టం అతుకుల దగ్గర మందంగా, నడుమ పలుచగా ఉంటుంది. రెనాల్డ్స్ వారు ఈ పద్ధతికి 1897లోనే పేటెంటు తీసుకున్నారు. బరువు తగ్గుతుంది, బలం ఎక్కడ కావాలో అక్కడ ఉంటుంది, రోడ్డు అదురు చేతులకు మెత్తగా అందుతుంది.

స్టిక్కరు చెరిగిపోతే సీటు రాడ్డు బయటికి తీసి దాని వ్యాసం కొలవండి. 27.2 మిల్లీమీటర్లు ఉంటే అది దూరే సీటు గొట్టం గోడ పలుచన అని, అంటే మేలు రకం అయ్యే అవకాశం ఎక్కువ అని అర్థం. 25.4 లాంటి కొలత వస్తే మామూలు స్టీలు అనుకోవచ్చు. గొట్టం మీద గోటితో కొట్టి మోతను బట్టి చెప్పేవాళ్లున్నారు, నేను దాన్ని నమ్మను.

వయసు తెలియాలంటే భాగాలను అడగాలి. జపాన్ కంపెనీ షిమానో భాగాల వెనక రెండు ఇంగ్లిషు అక్షరాలు ముద్రించి ఉంటాయి. మొదటిది సంవత్సరం, రెండోది నెల. మొదటి అక్షరం 'ఎ' అయితే 1976, 'బి' అయితే 1977, అలా ముందుకు లెక్కపెట్టుకోవాలి. ఇంగ్లండు కంపెనీ స్టర్మీ-ఆర్చర్ గేరు హబ్బుల మీదైతే సంవత్సరం అంకెల్లోనే ఉంటుంది. భాగాలు మధ్యలో మార్చి ఉండవచ్చు కాబట్టి రెండు మూడు చోట్ల చూసి సరిపోల్చుకోండి.

నాది రాడ్ బ్రేకుల నల్ల సైకిలు. ఇవన్నీ దానికీ వర్తిస్తాయా?

కొలత, తొందరపడకపోవడం, శుభ్రం చేయడం, ఇవన్నీ వర్తిస్తాయి. ధర లెక్క వేరు. సెన్-రాలీ, హెర్క్యులిస్, ఫిలిప్స్ సైకిళ్లకు చైన్‌కేసు, అసలు సీటు, దీపం, గంట పూర్తిగా ఉంటేనే సేకరించేవాళ్లు ఇష్టపడతారు.

ఫ్రేము వంకర పోయిందేమో అని అనుమానం. ఎలా చూడాలి?

దర్జీ దారం ఒకటి చాలు. వెనక చక్రం తీసేయండి. ఇరుసు కూర్చునే గాడికి ఒక వైపు దారం కట్టి, ముందుకు తెచ్చి, హ్యాండిల్ దూరే నిలువు గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు గాడి దాకా లాగి బిగుతుగా కట్టండి. ఇప్పుడు దారం సీటు గొట్టానికి ఇరువైపులా కొంచెం దూరంగా వెళుతూ ఉంటుంది. ఆ దూరాన్ని రెండు వైపులా స్కేలుతో కొలవండి. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటే చింత లేదు. అయిదారు ఉంటే వెనక భాగం ఒక పక్కకు లాగింది. స్టీలు కాబట్టి తెలిసినవాళ్లు నెమ్మదిగా సరిచేయగలరు. అల్యూమినియానికి ఆ అవకాశం లేదు.

తరువాత సైకిలును తలకిందులు చేసి, కింది గొట్టం ముందు అతుకును కలిసే చోట వేలి కొనతో నిమరండి. కళ్లు మూసుకుని నిమిరితే ఇంకా బాగా తెలుస్తుంది. ఎప్పుడో దేన్నో ఢీకొట్టి ఉంటే అక్కడ రంగు కింద చిన్న ఉబ్బు, దాని పక్కన ముడత తగులుతాయి. అలాంటిది ఉంటే ఆ సైకిలును తొక్కవద్దు, దాచి అమ్మనూ వద్దు. కొనేవాడు ప్రకాశం బ్యారేజీ మీద బండ్ల మధ్య దాని మీద వెళతాడు.

సీటు రాడ్డు ఇరుక్కుపోయింది. కదలడం లేదు.

స్టీలు గొట్టంలో అల్యూమినియం రాడ్డు, మధ్యలో ఏళ్ల తరబడి చెమట, వాన నీరు. రెండు లోహాల మధ్య తెల్లటి పొక్కు పేరుకుని పట్టేస్తుంది. తుప్పు వదిలించే నూనెను రాడ్డు గొట్టంలోకి దూరే చోట రోజూ పోయండి, వారం ఓపిక పట్టండి. వేడి చేస్తే వదులవుతుందని దుకాణాల్లో అంటారు, ఇక్కడ అది తలకిందుల పని. వేడికి అల్యూమినియం స్టీలు కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది, ఇంకా బిగుస్తుంది. ఐసు ముక్కలు గుడ్డలో కట్టి రాడ్డుకు చుట్టండి. అది కుంచించుకున్నప్పుడు సీటును పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. లాగకండి, తిప్పండి.

వదలకపోతే అమ్మేటప్పుడు ముందే చెప్పండి. దానివల్ల ధర తగ్గుతుంది, మీ మాట విలువ తగ్గదు.

మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు వరదలో సైకిలు రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఇంకా పనికొస్తుందా?

బుడమేరు వరద తరువాత నా దగ్గరికి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఇదే. పైన రంగు బాగానే కనబడుతుంది, చెరుపు లోపల ఉంటుంది. గొట్టాలకు తయారీ సమయంలో వదిలిన చిన్న చిన్న రంధ్రాల గుండా బురద నీరు దూరి, కిందికి దిగి, పెడళ్ల ఇరుసు ఉండే గూడులో నిలుస్తుంది.

అప్పట్లో ఒక ఎరుపు సైకిలు తెచ్చారు. పెడళ్ల ఇరుసు విప్పగానే అందులోంచి టీ రంగు నీళ్లు ధారగా వచ్చాయి, వెనకే మెత్తటి ఒండ్రు. వరద తగ్గి అప్పటికి ఐదు వారాలు. బాల్సు అన్నీ గుంటలు పడ్డాయి, బాల్సు ఆనుకుని తిరిగే కోన్లు పాడయ్యాయి. గొట్టం లోపల మాత్రం పై పొర తుప్పే. నీళ్లతో కడిగి, ఎండలో రెండు రోజులు తలకిందులుగా వేలాడదీసి, లోపలంతా నూనె పట్టించాం. హబ్బులు, హ్యాండిల్ కప్పులు, పెడళ్లు విప్పి కిరసనాయిలులో కడిగి కొత్త బాల్సు, కొత్త గ్రీజు వేశాం. ఇప్పుడది రోజూ తిరుగుతోంది.

మీది ఇంతవరకు విప్పి ఉండకపోతే ఇప్పుడైనా విప్పించండి. సన్నటి మేకుతో ఇరుసు గూడు అడుగున నెమ్మదిగా నొక్కి చూడండి. మేకు దిగబడితే ఫ్రేము ఆయుష్షు అయిపోయినట్టే. గట్టిగా ఉంటే బతికినట్టు. వరదలో మునిగిందన్న సంగతి కొనేవారికి చెప్పి తీరాలి.

కొత్తగా రంగు వేయించి అమ్మితే ఎక్కువ వస్తుందా?

రాదు, తగ్గుతుంది. ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగు వేసే చేతులు గొప్పవే, ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది. అయితే మంచి గొట్టం నడుమ మందం అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. ఇసుక గట్టిగా కొట్టి రంగు లేపితే ఆ పలుచని లోహం ఇంకా అరుగుతుంది. పైగా అసలు స్టిక్కర్లు, అంచుల్లో చేత్తో గీసిన బంగారు గీతలు పోతే మళ్లీ రావు. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, గీతలు పడిన చోట కొంచెం మైనం. అంతే చేయండి.

టైర్లు దొరకడం లేదు, అందుకే వదిలించుకుందామనుకుంటున్నాను.

టైరు కోసం సైకిలును వదులుకోవద్దు! పాత రేసు సైకిళ్లలో చాలా వాటికి 27×1¼ చక్రాలు. టైరు అంచు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు. పట్నంబజారులో అడిగితే 28×1½ చేతిలో పెడతారు, దాని వ్యాసం 635. పేరు దగ్గరగా ఉంది కదా అని వేయించుకుంటే గాలి నిండాక రిమ్ము మీంచి జారిపోతుంది. 630 అంకె ఉన్న టైరే అడిగి తెప్పించుకోండి.

లేకపోతే 700సి చక్రాలు వేయించుకోండి. వాటి వ్యాసం 622. ఇప్పటి హైబ్రిడ్ సైకిళ్లు చాలావరకు అవే వాడుతున్నాయి కాబట్టి టైర్లు ఊళ్లోనే దొరుకుతాయి. బ్రేకు రబ్బర్లను నాలుగు మిల్లీమీటర్లు కిందికి దించితే సరిపోతుంది, చాలా బ్రేకుల్లో అంత జాగా ఉంటుంది. పాత చక్రాలను పారేయకుండా దాచండి. ఇంకో లాభం: పాత క్రోమ్ స్టీలు రిమ్ములు వానలో బ్రేకును సరిగా పట్టవు, అల్యూమినియం రిమ్ములు పడతాయి. మన జూలై, ఆగస్టు వానల్లో ఆ తేడా ప్రాణం విలువ చేస్తుంది.

కొత్త కార్బన్ సైకిలు కొనడానికి దీన్ని అమ్మాలనుకుంటున్నాను.

దీని మీద వచ్చే డబ్బు కొత్తదాని ధరలో ఏ మూలకూ రాదు. ముందుగా ఓవరాయిలింగ్ చేయించి నెల రోజులు తొక్కి చూడండి. తెల్లవారుజామున గుంటూరు నుంచి ఉప్పలపాడు చెరువు దాకా వెళ్లి గూడబాతులను చూసి రండి. బెజవాడ వాళ్లయితే బ్యారేజీ దాటి కరకట్ట మీద ఉండవల్లి వైపు. మే నెలలో కాదు, కార్తీకం తరువాత చల్లటి రోజుల్లో. ఆ నెలలో ఎన్నిసార్లు మీ అంతట మీరే దాన్ని బయటికి తీశారో గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఎనిమిది పదిసార్లు తీసి ఉంటే అది ఇంకా మీదే. ఒకటి రెండు దాటకపోతే మీ మనసు దాని మీద లేదన్నమాట, అమ్మడంలో తప్పు లేదు.

ఎంత ధర చెప్పాలి?

నేను అమ్మిన ధర ఇక్కడ రాస్తే అదే రేటు అనుకుంటారు, అందుకే రాయడం లేదు. ఇంగ్లండు, అమెరికా ప్రకటనల్లో కనబడే అంకెలను రూపాయల్లోకి మార్చి ఆశ పెట్టుకోకండి. అక్కడ అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. మన దేశంలో అలాంటి సైకిలు నిజంగా ఎంతకు పోయిందో ఇద్దరు ముగ్గురిని కనుక్కోండి. ఫ్రేము సైజు కూడా ముఖ్యం. 50 నుంచి 54 సెంటీమీటర్ల మధ్య ఉంటే కొనేవాళ్లు తేలిగ్గా దొరుకుతారు, 60 అయితే నెలలు పడుతుంది. నాకు ఏడు నెలలు పట్టింది.

భాగాలు విడదీసి అమ్మితే ఎక్కువ వస్తుందన్నారు.

నిజమే, రావచ్చు. నేను మాత్రం ఏనాడూ చేయను, చేయమని ఎవరికీ చెప్పను. నలభై ఏళ్లు కలిసి తిరిగిన భాగాలు. ఫ్రేము విరిగిపోయి ఉంటే తప్ప విడదీయకండి.

ఎవరికి అమ్మాలి? దూరం పంపడం ఎలా?

కొంటానన్నవారిని ఎత్తు ఎంతో అడగండి. చాలామంది ఈ ప్రశ్నకు ఆశ్చర్యపోతారు, నాకైతే అది మొదటి ప్రశ్న. వీలైతే ఇంటికి పిలిచి తొక్కించండి. సీటు ఎక్కిన తీరులోనే తెలిసిపోతుంది.

బెంగళూరుకో చెన్నైకో పంపాలంటే విజయవాడ జంక్షన్ పార్శిల్ ఆఫీసు ద్వారా రైల్లో వేయవచ్చు, ప్రైవేటు ట్రాన్స్‌పోర్టులూ ఉన్నాయి. చక్రాలు తీశాక ముందు ఫోర్కు, వెనక గాడుల మధ్య ఒక పాత ఇరుసో సరిపడా చెక్క ముక్కో బిగించండి. లేకపోతే పైన బరువు పడి ఆ కాళ్లు ఒంగిపోతాయి. పెడళ్లు విప్పేటప్పుడు ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వస్తుంది.

కాగితాలు ఏమైనా కావాలా?

మోటారు బండిలా ఆర్‌సీ లేదు. తెల్ల కాగితం మీద ఫ్రేము నంబరు, తేదీ, ధర, ఇద్దరి సంతకాలు రాసుకోండి. నంబరు ఎక్కువగా పెడళ్ల ఇరుసు గూడు అడుగున గానీ, సీటు గొట్టం మీద గానీ ఉంటుంది.

అమ్మాక బాధపడతానేమో?

కొంత బాధ ఉంటుంది. మామయ్య రాలీని మచిలీపట్నంలో పాఠాలు చెప్పే ఒక మాస్టారు తీసుకున్నారు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. మా వీధిలో ఎక్కి, బ్రాడీపేట అడ్డరోడ్డు దాకా వెళ్లి తిరిగి వచ్చారు. ఆయన మోకాలు, ఆ గొట్టం, ఆ హ్యాండిల్ ఒకదానికొకటి సరిగ్గా అమరి ఉండటం నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఎనిమిదేళ్లలో ఆ సైకిలు అంత నిటారుగా వెళ్లడం చూడలేదు.

రెండు పనులు చేశాను, మీరూ చేయండి. ఒకటి, గంట విప్పి ఉంచుకుంటానని ముందే అడిగాను. మాస్టారు సరేనన్నారు. అది ఇప్పుడు అత్తయ్య పూజగది తలుపుకు ఉంది. రెండు, ఎప్పుడైనా అమ్మదలిస్తే ముందు నాకే చెప్పాలని ఆ తెల్ల కాగితంలోనే రాయించుకున్నాను. ఇంతవరకు ఆయన అలాంటి మాట ఎత్తలేదు. టైరు మార్చినప్పుడల్లా ఫోను చేసి, ఏ సైజు వేశారో చెబుతారు.